రేణిగుంట మీదుగా: చిత్తూరు సీమలో దూరవిద్యాసాధనముల చరిత్ర

రేణిగుంట నాలుగు రైలుమార్గములు కలియు కూడలి. ఒకటి కడప మీదుగా గుంతకల్లునకు, ఒకటి అరక్కోణము మీదుగా చెన్నపట్టణమునకు, మరియొకటి శ్రీకాళహస్తి, వెంకటగిరుల మీదుగా గూడూరునకు, నాలుగవది తిరుపతి, పాకాల, చిత్తూరుల మీదుగా కాట్పాడికి పోవును. ఈ స్టేషను పేరు వినని తెలుగువారు అరుదు. దిగి ఊరు చూచినవారు అంతకంటె అరుదు. విద్యను దూరమునుండి మోసికొనివచ్చు సాధనముల విషయమునను ఈ ఊరికిని, దీని చుట్టుపట్ల సీమకును చిరకాలముగా ఇదే స్థితి యని మా అభిప్రాయము. తంతి, రేడియో, టెలివిజను, ఉపగ్రహము, కంప్యూటరు, సెల్‌ఫోను - ఇవన్నియు ఒకదాని వెనుక నొకటి ఈ సీమ మీదుగా సాగినవి. అవి ఇక్కడి బడిపిల్లలకు ఎంతవరకు చదువైనవో పరిశీలించుటయే ఈ వ్యాసోద్దేశము.

చిత్తూరు సీమ యనగా 1911 ఏప్రిలు 1న ఏర్పడిన పూర్వపు చిత్తూరు జిల్లా యని గ్రహింపవలెను. 2022 ఏప్రిలు 4న జరిగిన పునర్విభజనమున రేణిగుంట తిరుపతి జిల్లాలో చేరినది. అదే నాడు, అంతకుముందు నెల్లూరు జిల్లాలోనిదైన శ్రీహరికోట కూడ తిరుపతి జిల్లాలోనికి వచ్చినది. ఈ రెండవ విషయము మన ప్రసంగమునకు ముఖ్యము. దానికి మరల వత్తుము.

ఇట్టి చరిత్రలు సాధారణముగా పంపువారి పక్షమున వ్రాయబడుచుండును. ఏ సంవత్సరమున ఏ కేంద్రము వెలసినది, ఎన్ని పెట్టెలు పంచిరి, ఎన్ని గంటలు ప్రసారము చేసిరి అను లెక్కలు నివేదికలలో సమృద్ధిగా దొరకును. పాఠము వినిన పిల్లవానికి సందేహము కలిగినచో దానిని తిరిగి అడుగుటకు దారి యుండెనా, ఆ ప్రశ్నకు బదులు చెప్పువారుండిరా, అదియు వాని భాషలోనే యుండెనా అను ప్రశ్న ఆ నివేదికలలో అరుదు. మేము ఈ వ్యాసమున ఆ ప్రత్యుత్తరమార్గమునే కొలబద్దగా గైకొనుచున్నాము. ఈ కొలతతో చూచినప్పుడు కొన్ని గొప్ప యంత్రములు చిన్నవగును. ఒక అట్టపెట్టె పెద్దదగును.

పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఇనుపదారితో పాటు తంతి వచ్చినది. దానిని విద్యాసాధనమని ఎవరు ననరు. అయినను ఒక్క మాట చెప్పి సాగెదము. ఈ సీమకు విద్యుత్తుచేత నడచిన మొదటి వార్తాయంత్రము రెండు వైపుల మాటలాడునది. ముందు స్టేషనువాడు అడిగినచో రేణిగుంటవాడు బదులు చెప్పకున్న బండి కదలదు. తరువాత వచ్చిన యంత్రములు దీనికంటె నెంతో శక్తిమంతములు. కాని వానిలో అనేకములకు ఈ గుణము లేకపోయినది.

ఆకాశవాణి కథ చెన్నపట్టణమునుండి మొదలగును. 1924లో సి. వి. కృష్ణస్వామిశెట్టిగారి ప్రయత్నమున మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడి ప్రసారములు ప్రారంభించినది. ధనాభావముచేత 1927లో అది మూతపడగా, దాని యంత్రమును పొందిన మద్రాసు నగరపాలక సంస్థ 1930లో ప్రసారములను పునరుద్ధరించి, బడి యున్న దినములలో సాయంకాలము పిల్లలకు సంగీతపాఠములను, కథలను వినిపించినది. 1938 జూను 16న అఖిల భారత రేడియోవారి మద్రాసు కేంద్రము వెలసినది. రేణిగుంటకు మద్రాసు రైలుమార్గమున నూటముప్పది కిలోమీటర్ల పైచిలుకు దూరము మాత్రమే. విజయవాడ కేంద్రము 1948లో గాని రాలేదు. కావున చిత్తూరు సీమ తొలుత వినిన రేడియో తెలుగు మద్రాసు తెలుగే.

ఆ తెలుగు ఎట్టిదో భాషాచరిత్ర చదువువారు శ్రద్ధగా గమనింపదగియున్నది. మద్రాసు కేంద్రమున పిల్లల కార్యక్రమములను నడిపిన న్యాయపతి రాఘవరావుగారిని, కామేశ్వరిగారిని ఆంధ్రదేశమంతయు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అని పిలిచినది. గిడుగు రామమూర్తి పంతులుగారు 1940లో గతించిరి. వాడుకభాష పాఠ్యపుస్తకములలో నిలువవలెనని వారు జీవితమంతయు వాదించిరి. పుస్తకముల వాదము ఇంకను తెగకయే యుండగా, పిల్లలకు చెప్పు మాట పిల్లలు మాటలాడునట్లే యుండవలెనని రేడియో నిర్ణయించివేసినది. అందుకు శాస్త్రచర్చ అవసరము కాలేదు. చెవికి తెలియని భాషను చెవిసాధనము మోయజాలదు గదా. ఈ మాటను గ్రాంథికచ్ఛాయ గల భాషలో వ్రాయుచుండుట చదువరులకు కొంత వింతగా దోచవచ్చును. కంటి భాష చెవి భాషంత త్వరగా మారదనుటకు ఇదియు నొక సాక్ష్యమే యనుకొనవలెను.

రాఘవరావు దంపతులు పిల్లలచేతనే పాడించిరి, ఆడించిరి, మాటలాడించిరి. రేడియోలో పిల్లలకొరకు మాటలాడుట వేరు, పిల్లలు మాటలాడుట వేరు. ఆ ప్రసారముల చుట్టును బాలానంద సంఘము పెరిగినది. 1945లో ‘బాల’ పత్రిక వెలువడినది. పిల్లలు ఉత్తరములు వ్రాసిరి, కథలు పంపిరి. ఒకవైపు ప్రసారమునకు తపాలా రెండవ వైపైనది. పల్లెలోని పిల్లవానికి ఇది తరగతిగది కాదు. అయినను వాని కార్డుముక్కకు గమ్యస్థాన మున్నది.

అయితే రేడియో పెట్టె ఎవరి ఇంట నుండెను? ఆ కాలమున విద్యుత్తు లేని పల్లెలలో బ్యాటరీతో నడచు పెట్టెను ప్రభుత్వము పంచాయతీ చావడియందో, బడియందో నిలిపి సామూహిక శ్రవణమునకు ఏర్పాటు చేయుచుండెను. పెట్టెకంటె బ్యాటరీయే సమస్య. అది తరిగిపోయినచో మార్చువాడు పట్టణమునుండి రావలెను. యంత్రమును పంపుట ఒకనాటి పని, దానిని పలికించుచుండుట ప్రతినాటి పని యను సంగతి ఇక్కడనే మొదట తెలిసినది. ఆ పిమ్మటి సాధనములన్నిటి చరిత్రలో ఈ బ్యాటరీ వేరువేరు రూపములతో మరల మరల కనబడును.

రేడియోతో ప్రత్యుత్తరమును కలుపు ప్రయత్నము పెద్దయెత్తున మొదట జరిగినది తెలుగుదేశమున కాదు, మహారాష్ట్రమున. 1956లో యునెస్కో సాయముతో పూనా కేంద్రమునుండి నూటయేబది గ్రామములలో రేడియో గ్రామీణ గోష్ఠులను నడిపిరి. గ్రామస్థులు కూడి వినుట, వినిన పిదప చర్చించుట, సందేహములను కేంద్రమునకు వ్రాసి పంపుట, తరువాతి ప్రసారమున బదులు వినుట - ఇది పద్ధతి. ఊరక వినినవారికంటె కూడి చర్చించినవారు ఎక్కువ నేర్చిరని పరిశీలకులు తేల్చిరి. 1959లో ఈ గోష్ఠులు దేశమంతటికిని విస్తరింపబడినవి. 1963లో కడప కేంద్రము వెలసి, రాయలసీమకు తన సొంత గొంతు వచ్చినది. ఈ లోపల 1960 ఏప్రిలు 1న పటాస్కర్ తీర్పు ననుసరించి తిరుత్తణి ప్రాంతము మద్రాసు రాష్ట్రమునకు పోయినది. రేణిగుంట నుండి అరక్కోణము పోవు బండి నడుమ రాష్ట్రసరిహద్దు దాటవలసివచ్చినది. రేడియో అలలకు ఆ తీర్పు వర్తింపలేదు. సరిహద్దుకు ఆవల మిగిలిన తెలుగు పిల్లలకు బడిలో తగ్గిన తెలుగు, చెవికి మాత్రము మద్రాసునుండియు, కడపనుండియు అందుచునే యుండెను. ఈ విషయము ప్రత్యేక పరిశోధనకు తగినది.

ఇక టెలివిజను. విక్రమ్ సారాభాయిగారి కోరిక ప్రకారము 1969లో భారతప్రభుత్వపు అణుశక్తి శాఖకును, అమెరికా అంతరిక్ష సంస్థకును ఒడంబడిక జరిగినది. సారాభాయిగారు 1971లోనే గతించిరి. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, సరిగా ఒక సంవత్సరము, ఏ.టి.ఎస్.-6 అను అమెరికా ఉపగ్రహము ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు పాఠములు ప్రసారము చేసినది. ఉపగ్రహ బోధన టెలివిజను ప్రయోగమను పేరుగల ఈ కార్యమున ఆంధ్రప్రదేశమును ఒకటి. గ్రామమున నిలిపిన గ్రాహకము చూచుటకు సామాన్యమైనది: కోళ్లగూటికి వాడు వలవంటి తీగెవలతో చేసిన మూడు మీటర్ల గొడుగు, ఒక చిన్న పరివర్తక యంత్రము, ఒక టెలివిజను పెట్టె. ఉదయము గంటన్నర బడిపిల్లలకు, సాయంకాలము రెండున్నర గంటలు పెద్దలకు. ఉదయపు గంటన్నరను హిందీ, ఒరియా, తెలుగు, కన్నడములకు పంచగా తెలుగు పిల్లవానికి దక్కినది ఇరువదిరెండున్నర నిమిషములు. ఒకే చిత్రముతో రెండు భాషల ధ్వనిని పంపుటకు ఆ ఉపగ్రహమున వీలుండెను. కన్నడ తెలుగు పిల్లలకు బొమ్మ ఒక్కటియై మాట వేరగు ఈ ఉపాయము, బహుభాషాదేశమునకు యంత్రము చేసిన మర్యాదలలో మొదటిదని చెప్పవలెను.

చిత్తూరు జిల్లా ఆ ప్రయోగమున చేరలేదు. ఆంధ్రప్రదేశపు గ్రామములు హైదరాబాదును కేంద్రముగా గొన్న సముదాయములోనివి. రేణిగుంటనుండి సూటిగా కొలిచినచో శ్రీహరికోట నూరు కిలోమీటర్లు లేదు. అక్కడ 1971 అక్టోబరులోనే మొదటి రాకెట్టు లేచినది. ఆకాశమునకు దారి ఇచ్చిన సీమకు ఆకాశమునుండి వచ్చిన పాఠము అందలేదన్న మాట. ఇందు ఎవరిని తప్పుపట్టుటకును లేదు. వెనుకబడిన జిల్లాలను సముదాయములుగా ఎంచుకొనుటయే ఆ ప్రయోగపు నియమము. అయినను కూడలి స్వభావమును చెప్పుటకు ఇంతకంటె మంచి దృష్టాంతము దొరకదు.

ఆ ప్రయోగఫలితములను గూర్చి వచ్చిన అధ్యయనములు నేటికిని చదువదగినవి. తొలిదినముల కుతూహలము తగ్గిన పిమ్మట సాయంకాలపు ప్రేక్షకులు తగ్గిరి. టెలివిజను వచ్చినంతమాత్రాన బడిలో చేరువారి సంఖ్య గణనీయముగా పెరుగలేదు. పిల్లవాడు బడికి రాకపోవుటకు కారణము బడిలో బొమ్మలు లేకపోవుట కాదు, ఇంటిలో వానికి పని యుండుట. ఇది గొఱ్ఱెలు మేపు పిల్లల నెరిగిన ఏ రాయలసీమ ఉపాధ్యాయుడైనను ముందే చెప్పగలిగిన మాట. కాని ఒక భాగము మాత్రము నిస్సందేహముగా ఫలించినది. సుమారు ఏబదివేలమంది ప్రాథమికోపాధ్యాయులకు రెండు విడతలుగా విజ్ఞానశాస్త్రబోధనమున శిక్షణ నిచ్చిరి. అందు టెలివిజను ఒంటరిగా లేదు. రేడియో పాఠము తోడుండెను, అచ్చుపుస్తకము చేతిలో నుండెను, దగ్గర నిలిచి ప్రయోగములు చేయించు మార్గదర్శకుడుండెను. అడుగుటకు మనిషి యున్నచోట పెట్టె పాఠము చెప్పినది. లేనిచోట బొమ్మలు చూపినది. ఇచ్చటి వ్యత్యాసమే మా కొలబద్దకు ఆధారము.

తరువాతి కథను త్వరగా చెప్పవచ్చును. 1983 ఆగస్టున లేచిన ఇన్సాట్-1బి వలన మన సొంత ఉపగ్రహము ద్వారా విద్యాప్రసారములు ఆంధ్రప్రదేశమునకును లభించినవి. 1984 ఆగస్టు 15 నుండి విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు దేశవ్యాప్త తరగతిగది యను పేర ప్రసారములు నడిపిరి. అవి ఆంగ్లమున నడచినవి. 1954లో వెలసిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము తిరుపతిలోనే యుండగా, దాని చుట్టుపట్ల పల్లెల డిగ్రీ విద్యార్థికి ఆ తరగతి ఎంత దేశవ్యాప్తమో మన పాఠకులలో ఉపాధ్యాయులైనవారికి చెప్పనక్కరలేదు. దీనికి ప్రతిగా 1982లో జి. రామిరెడ్డిగారి నాయకత్వమున వెలసిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము - భారతదేశమున ఈ జాతిలో మొదటిది, 1991 నుండి అంబేద్కర్‌గారి పేర నున్నది - తెలుగులో పాఠములు వ్రాయించినది. రేడియో పాఠములు దానికి తోడుమాత్రము. వెన్నెముక అచ్చుపుస్తకమును, సెలవునాటి అధ్యయనకేంద్రమును. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పారిభాషికపదములను కూర్చి యుండకపోయినచో ఈ పని సాధ్యమయ్యెడిది కాదు. సాధనమునకు ముందు పదము కావలెను. ఈ క్రమమును గుర్తించినవారు ఆనాడు కొందరైన నుండిరి.

2004 సెప్టెంబరు 20న శ్రీహరికోటనుండి ఎడ్యుశాట్ అను ఉపగ్రహము లేచినది. 1,950 కిలోగ్రాముల బరువుగల ఈ ఉపగ్రహమును కేవలము విద్యకొరకే నిర్మించిరి. దీని భూకేంద్రములు రెండు రకములు: పాఠమును వినుటతో పాటు ప్రశ్న నడుగుటకు వీలున్నవి కొన్ని, వినుటకు మాత్రమే పనికివచ్చునవి కొన్ని. దేశమున సుమారు 56 వేల బడులకు, కళాశాలలకు ఈ ఉపగ్రహముతో సంబంధము కల్పింపబడగా, అందు ప్రశ్న నడుగగలిగినవి సుమారు 5 వేలు మాత్రమే. ఈ ఒక్క అంకె ఒక శతాబ్దపు చరిత్రను చెప్పుచున్నది. ప్రత్యుత్తరము ఖరీదైనది, కళాశాలలకు, శిక్షణసంస్థలకు అది దక్కినది, ప్రాథమికపాఠశాలకు వినికిడి దక్కినది. ప్రశ్నలు ఎక్కువగా పుట్టు వయస్సు ఏదో మనకు తెలియును. 2010లో ఆ ఉపగ్రహమునకు ఆయుస్సు తీరినది.

ఇదే కాలమున కంప్యూటరు బడిలో ప్రవేశించినది. కేంద్రప్రభుత్వము 1984లో ప్రయోగాత్మకముగా ప్రారంభించిన పథకమున దేశమంతటికిని రెండువందల యేబది బడులే. పెద్దయెత్తున జరిగినది 2008లో: ఆంధ్రప్రదేశమున ఐదువేల ఉన్నతపాఠశాలలకు కంప్యూటరు గదులు వచ్చినవి. ఒప్పందము చేసికొన్న సంస్థలే యంత్రములను నిలిపి, బోధకులను నియమించి, ఐదేండ్లు నడిపి, ఆ పిమ్మట బడికి అప్పగింపవలెను. అప్పగింత జరుగునాటికి యంత్రమునకు ఐదేండ్లు నిండును; దానిని నడిపిన బోధకుని నియామకము తీరును. మేము పైన చెప్పిన బ్యాటరీ ఇదియే. పాతబడిన యంత్రమును కొత్తచేయు మార్గమును ఒప్పందములోనే వ్రాసియుండవలెనను ఆలోచన, ఒప్పందము వ్రాయువారికి తట్టుట కష్టము. తాళపుచెవి చేతికి వచ్చిన ప్రధానోపాధ్యాయునికి తట్టుట మిక్కిలి సులభము.

ఈ యంత్రచరిత్రకు నడుమనే, చిత్తూరు సీమకు పడమటి కొసన, మదనపల్లె దాపున మరియొక సంగతి జరిగినది. జిడ్డు కృష్ణమూర్తిగారు స్థాపించిన ఋషివ్యాలీ విద్యాకేంద్రము చుట్టును ఉన్న పల్లెలలో, 1980ల చివరి సంవత్సరములనుండి, వై. ఏ. పద్మనాభరావు, రమ గారలు చిన్న చిన్న బడులను నడిపిరి. వానిని ఉపగ్రహ పాఠశాలలని పిలిచిరి. ఆకాశమున తిరుగునది ఏదియు వానికి లేదు. ఒక పెద్దబడి చుట్టును ఉన్నవి గనుక ఆ పేరు. ఒక్క ఉపాధ్యాయుడు, ఒక్క గది, ఐదు తరగతుల పిల్లలు. దేశమున పల్లెబడి నిజరూపము ఇదియే యని ఒప్పుకొని వారు పని మొదలిడిరి. తెలుగునకు, గణితమునకు, పరిసరవిజ్ఞానమునకు పాఠములను విడదీసి చిన్న చిన్న కార్డులుగా వ్రాసి, ప్రతి కార్డునకు ఒక బొమ్మగుర్తు పెట్టి, గోడకు నిచ్చెనవంటి పటమును వ్రేలాడదీసిరి. పిల్లవాడు నిచ్చెనమీద తానున్న మెట్టు చూచుకొని, గుర్తునుబట్టి కార్డు తీసికొనును. కొన్ని కార్డులు ఉపాధ్యాయునితో, కొన్ని తోడి పిల్లలతో, కొన్ని తనంతట తాను చేయవలసినవి. నాలుగు దినములు బడి మానినవాడు తిరిగి వచ్చినప్పుడు, తాను విడిచిన మెట్టునుండియే మొదలిడును. వేరుసెనగ కోతకు పోయి వచ్చిన పిల్లవానికి ఇంతకంటె మర్యాద చేసిన విద్యాపద్ధతి మాకు తెలిసి మరియొకటి లేదు.

కార్డులలోని కథలు ఆ పల్లెల కథలు. మాటలు ఆ పిల్లల మాటలు. తల్లులను బడికి పిలిచి కథలు చెప్పించిరి. బడిలోనే సంత జరిపి, తూకము కొలతలతో కూరగాయలు అమ్మించి గణితము నేర్పిరి. బడి ఒక పెట్టెలో యని దీనికి పేరు వచ్చినది. ఇది సాధనమా, కాదా? విద్యుత్తు లేదు గనుక కాదనువారున్నారు. సమాచారమును చిన్న ముక్కలుగా విభజించి, గుర్తులు వేసి, ప్రతివానికి వాని స్థితికి తగిన ముక్క అందునట్లు అమర్చుటయే నేటి కంప్యూటరు పాఠముల విశేషమని చెప్పుదురు. అట్లయినచో ఆ విశేషము ఈ అట్టపెట్టెలో ముందే యున్నది. పైగా బదులు చెప్పుటకు పక్కన ఉపాధ్యాయుడు, తోడి పిల్లవాడు ఉన్నారు.

దీని సంచారము విచిత్రమైనది. 2003లో చెన్నై నగరపాలక సంస్థ బడులు ఈ పద్ధతిని స్వీకరించినవి. కొలది యేండ్లలోనే తమిళనాడు ప్రాథమికపాఠశాలలన్నిటికిని అది వ్యాపించినది. ఏ నగరపాలక సంస్థ 1930లో రేడియో ద్వారా పిల్లలకు కథలు వినిపించినదో, ఆ సంస్థ బడులకే ఇప్పుడు చిత్తూరు సీమనుండి పాఠము పోయినది. అందరు మోసికొనివచ్చిన సాధనములలో ఈ సీమలో పుట్టి వెలుపలికి పోయినది ఇది యొక్కటియే.

ప్రపంచమున ఇతరదేశముల అనుభవమును ఇట్లే యున్నది. మెక్సికో దేశము 1968 నుండి పల్లెపిల్లలకు టెలివిజనుద్వారా మాధ్యమిక విద్య నేర్పుచున్నది. అక్కడ పెట్టె ప్రక్కన ఉపాధ్యాయుని నిలుపుట మొదటినుండియు నియమము. 1970లలో నికరాగువా దేశమున రేడియో గణితపాఠముల నడుమ విరామము నిచ్చి, పిల్లలచేత బిగ్గరగా జవాబు చెప్పించిరి. ఆ పిల్లలు గణితమున ముందంజ వేసిరి. పెరూ దేశము పల్లెబడులలో పిల్లవానికొక చిన్న కంప్యూటరు చొప్పున పంచగా, 2012లో వెలువడిన పరిశీలనము భాషాగణితములలో వారికి అదనపు ఫలము కనబడలేదని తేల్చినది. వెలలో అన్నిటికంటె హెచ్చైనది ఫలమున అన్నిటికంటె తక్కువైనది.

2020 మార్చిలో అంటువ్యాధిచేత బడులు మూతపడినప్పుడు ఈ ప్రశ్నలన్నియు ఒక్కసారిగా మన యింటి గడపలోనికి వచ్చినవి. దూరదర్శన్ సప్తగిరి ప్రసారమున విద్యామృతమను పేర పాఠములు చెప్పిరి. సప్తగిరి పేరు మన కొండలది. పాఠము మాత్రము మరల ఒకవైపుదే. సెల్‌ఫోను ఉన్న యింట అది రెండువైపుల సాధనమైనది. 2017-18 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారము దేశమున పల్లెకుటుంబములలో కంప్యూటరు ఉన్నవి నూటికి 4.4, ఇంటర్నెట్ సౌకర్యమున్నవి నూటికి 14.9. తండ్రి పనికి పోవుచు ఫోను వెంట గొనిపోయినచో ఆ దినము బడి లేదు.

అప్పటికే రేణిగుంట పరిసరములలో సెల్‌ఫోనుల, టెలివిజనుల కర్మాగారములు వెలసియుండుట చరిత్రలో ఒక చమత్కారము. 2017లో సెల్‌కాన్ సంస్థ ఇక్కడ ఫోనుల తయారిని ప్రారంభించినది. డిక్సన్ సంస్థ టెలివిజనులను కూర్చినది. చుట్టుపట్ల పల్లెల ఆడపిల్లలు ఇట్టి కర్మాగారములలో పనికి కుదిరిరి. యంత్రము మీదుగా పోవుట మాని ఇక్కడనే పుట్టసాగినది. అయితే యంత్రమును కూర్చు చేయి వేరు, దానిలోని పాఠమును కూర్చు చేయి వేరు. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకును, వారి ఉపాధ్యాయులకును ఐదు లక్షలకు మించి ట్యాబులను పంచుట ప్రారంభించినది. మరుసటి యేట నాలుగు లక్షలకు మించి. వానిలో పాఠములు బైజూస్ అను సంస్థవి. 2024 జూలైలో ఆ సంస్థపై దివాలా ప్రక్రియ మొదలైనది. కడప రేడియో పాఠము నచ్చకున్న ఉపాధ్యాయుడు కేంద్రమునకు ఉత్తరము వ్రాయగలిగెడివాడు. ఋషివ్యాలీ కార్డు చిరిగినచో మరల వ్రాసికొనెడివాడు. ట్యాబులోని పాఠమును దిద్దు అధికారము వానికి లేదు. దానిని దిద్దవలసినవారు అప్పులవారికి జవాబు చెప్పుకొనుచున్నారు.

మేము ట్యాబునకు విరోధులము కాము. 2020 నుండి ఆంధ్రప్రదేశమున పాఠ్యపుస్తకములు ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఆంగ్లముగా అచ్చగుచున్నవి. 1975లో ఉపగ్రహము ఒకే చిత్రమునకు రెండు భాషల ధ్వనిని మోసినట్లు, ట్యాబు ఒకే పాఠమునకు రెండు భాషలనే గాక చిత్తూరు పిల్లవాని యింటి తెలుగును కూడ మోయగలదు. 1991 నుండి తెలుగులిపికి యూనికోడులో స్థానమున్నది. అడ్డంకి యంత్రమున లేదు. ఆ పాఠమును వ్రాయవలసినవారు ఇక్కడి ఉపాధ్యాయులు. వారికి ఆ పనికొరకు వేళను, వేతనమును, దిద్దు హక్కును ఇచ్చిన ఒప్పందము ఇంకను వ్రాయబడలేదు.

పరిశోధకవిద్యార్థులకు ఒక మనవి. పైన చెప్పిన సాధనములు బడికి చేరిన దినము, పాడైన దినము, పనికిరావని కొట్టివేసిన దినము బడి స్టాకు రిజిస్టర్లలో ప్రధానోపాధ్యాయుల చేవ్రాళ్లతో నమోదగుచుండును. రేడియో ఎన్ని నెలలు పలికినదో, కంప్యూటరు గది ఎన్నడు తాళము పడినదో అచ్చటనే తెలియవలెను. ప్రభుత్వ నివేదికలలో పంపిన లెక్క గలదు. ఈ రిజిస్టర్లలో అందిన లెక్క గలదు. పాత బడిభవనములను పడగొట్టి కొత్తవి కట్టునప్పుడు ఇట్టి కాగితములు మొదట పోవును. రేణిగుంట, ఏర్పేడు, శ్రీకాళహస్తి మండలముల బడులనుండి వీనిని నకలు తీయు పనిని మన శాఖ విద్యార్థులలో ఒకరిద్దరు ఈ వేసవిలోనే చేపట్టవచ్చును. ఉదయపు బండికి పోయి సాయంకాలపు బండికి తిరిగి రాదగినంత దగ్గరి ఊళ్లివి.